మొదటిదా, రెండవదా

లేదు, రెండవదానిలోనే ఆ గాలి ఉన్నది, ఉండి తీరాలి, గాయకులు కీర్తన ముగించి ఊపిరి పీల్చుకొన్నప్పుడు రాతి మందిరపు పైకప్పు వరకు వెళ్ళి తిరిగి దిగే ఆ సన్నని గాలి, మామూలు సీడీలో పట్టని ఆ సూక్ష్మం కోసమే కదా ఈ హై రిజల్యూషన్ రికార్డింగులు, అది నాకు స్పష్టంగా వినబడుతుందనే కదా ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకొంటూ వచ్చినది, మరి ఇప్పుడు క్లిఫర్డ్ మీట నొక్కి ఒకే కీర్తన రెండు రికార్డింగులలో ఒకదాని నుండి మరొకదానికి మార్చినప్పుడు ఏమీ మారలేదేమి, అసలు మార్చాడా, మార్చాడు, వాని బొటనవ్రేలు కదలడం చూచాను, ఏది ముందు వచ్చేదీ యంత్రమే తన ఇష్టప్రకారం నిర్ణయిస్తున్నది, దాని తెరపై వంటింటి తువ్వాలు కప్పి ఉన్నది, ఏది మోగుతున్నదో క్లిఫర్డ్‌కు కూడా తెలియదు, ప్రభువా, కన్నుల సహాయం లేకుండా నా చెవులు ఒంటరిగా నిలబడడం ఇదే మొదటిసారి, అవి వణుకుతున్నవి.

ముఖం కదపరాదు, నిట్టూర్చరాదు, తల ఊపరాదు, ఒకరి ముఖం చూచి మరొకరు వింటారని క్లిఫర్డ్ పెట్టిన నియమం, వాని ఇంటి ఈ నేలమాళిగలో నలుగురం సమాధుల మీది ప్రతిమల వలె కూర్చున్నాము, డ్వేన్ మాత్రం ఆగలేడు, ఏం మేస్టారూ, దేవదూతలు ఏ పక్కన పాడుతున్నారు అన్నాడు, నోరు మూసుకో డ్వేన్, పోయినసారి కూడా నువ్వే చెడగొట్టావు అని క్లిఫర్డ్ కసిరాడు, నేను చెడగొట్టానా, నీ మంచి రికార్డింగు రవ్వంత పెద్దగా మోగింది, అందుకే అందరం ఆహా ఓహో అన్నాం, అది నా తప్పా అని వీడు, అది నిజమే, ధ్వని కొంచెం హెచ్చితే చెవి దానినే శ్రేష్ఠమని నమ్ముతుంది, అందుకే నేడు క్లిఫర్డ్ మా కుర్చీల దగ్గర ధ్వని కొలిచే మాపకం పట్టుకొని రెంటినీ సమానం చేశాడు, ఆ రోజు అందరికంటె బిగ్గరగా ఆహా అన్నది నేను, ఆ ఆధిక్యం తీసివేసిన తరువాత నాకు మిగిలినదేమి, మళ్ళీ మార్చాడు, ఏమీ లేదు, రెండవది అంటాను, ఏదో ఒకటి అనాలి కదా.

ఇది రికార్డింగులోని లోపమా, నాలోని లోపమా, అదే నా గుండెను పిండుతున్నది, ఎందుకంటే క్రిందటి ఆదివారం చర్చిలో నేను పాడించే బృందపు సొప్రానోలు, పై స్థాయి పాడే స్త్రీలు, పాడినప్పుడు మాటల చివరి సకారాలు రాలిపోయినట్లు తోచినది, స్పష్టంగా పలకండమ్మా అని గద్దించాను, పలుకుతున్నామండీ అన్నది లొరెయిన్, క్లిఫర్డ్ భార్య, మా బృందంలోకెల్లా నెమ్మదైన మనిషి, ఇప్పుడు నా ప్రక్క కుర్చీలోనే కూర్చున్నది, ఆ పలుకుతున్నామండీలో కోపం లేదు, జాలి ఉన్నది, ఈస్టరు దగ్గర పడుతున్నది, నలభై కంఠాలు నా చేతిని చూచి లేస్తవి, ఆ కంఠాలలో ఒకటి శ్రుతి తప్పితే పట్టుకొనవలసినది నేనే, పట్టుకొనలేనివాడు మా ఊరి సూపీరియర్ సరస్సు ఒడ్డున గాలికి చేతులు ఊపే ముసలివాడే కదా, ప్రభువా, మోకాళ్ళు తీసికో, కన్నులు తీసికో, ఈ చెవులను మాత్రం వద్దు.

అయిపోయింది, ఫలితాలు చూద్దాం అంటూ క్లిఫర్డ్ తువ్వాలు తీశాడు, డ్వేన్‌కు సగం తప్పు, లొరెయిన్‌కు సగం తప్పు, క్లిఫర్డ్‌కు అంతకంటె ఎక్కువే తప్పు, నాకు సగం, అంటే నాణెం ఎగురవేసి చెప్పినా ఇంతే వచ్చేది అని డ్వేన్ పకపక నవ్వాడు, మా ఆవిడకు ఏం చెప్పి కొన్నానురా ఆ హై రిజల్యూషన్ పెట్టెని అని తల పట్టుకొన్నాడు, ధ్వని సమానంగా ఉంటే ఇంట్లో కూర్చుని తేడాను ఎవరూ కనిపెట్టలేరేమో, పాడించేటప్పుడు, రికార్డు చేసి కూర్చేటప్పుడు పడిన శ్రమే వినబడుతుంది గానీ రికార్డింగుపై వేసే ఈ పెద్ద పెద్ద అంకెలు కాదు అన్నాడు క్లిఫర్డ్, నాకు ఏడ్పు వచ్చినంత పని అయినది, స్తోత్రం, స్తోత్రం, లోపం నాది కాదు, అందరి చెవులూ ఇంతే, ఇంత చల్లని ఓటమిని నేను ఎన్నడూ ఎరుగను, కుర్చీలో వెనుకకు వాలాను, అప్పుడు ముగ్గురూ ఒక్కసారిగా మెట్లవైపు తలలు త్రిప్పారు.

ఎందుకు త్రిప్పారు, ఎవరూ పిలవలేదు, ఎవరూ రాలేదు, నేనూ వారి వెంట త్రిప్పాను, ఒక క్షణం ఆలస్యంగా, అయ్యో నా హాట్‌డిష్ మాడిపోతుంది, పైన వంటింట్లో ఓవెన్ గంట మోగుతోంది అంటూ లొరెయిన్ లేచినది, ఏ గంట అని నా నోరు నన్ను అడుగకుండానే అనివేసినది, డ్వేన్ తొడ చరచుకొన్నాడు, చూడండి, మేస్టారు ఇంకా పరీక్షలోనే ఉన్నారు అన్నాడు, క్లిఫర్డ్ కూడా నవ్వాడు, లొరెయిన్ నవ్వలేదు, మొదటి మెట్టుపై ఆగి నన్ను చూస్తున్నది, నేనూ నవ్వితే చాలు, ఈ పూటకు గడచిపోతుంది, ఈస్టరూ గడచిపోవచ్చు, నలభైమంది నా చేతి క్రింద తప్పు పాడుతూ నాపై జాలితో మౌనంగా ఉంటారు, ఆ మౌనం ఇప్పటికే మొదలై ఎంత కాలమైనదో, కొత్త రికార్డింగు కొన్న ప్రతిసారీ దీపం ఆర్పి ఒంటరిగా కూర్చుని నేను వెతికినది కీర్తనను కాదు, ప్రభువును కూడా కాదు, నా చెవులు ఇంకా బ్రతికి ఉన్నవని చెప్పే సాక్షిని, ఏ సాక్షీ రాలేదు, రాదు, డ్వేన్, ఇది హాస్యం కాదు, నాకు గంట వినబడలేదు, నిజంగా వినబడలేదు, లొరెయిన్, అది ఇంకా మోగుతూనే ఉన్నదా.