పద్నాలుగో నంబరు డబ్బా

పక్కింటి దుర్గాదేవి ఆ మాట తన ఆడబిడ్డ దగ్గర విన్నదట. ఆడబిడ్డకు కొండాపూర్ సంతలో, మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి భార్య చెప్పిందట. పట్నం దవాఖానలో క్యాన్సరోళ్లకు ఒక కొత్త సూది వేస్తున్నారు, అందులో ఉండేది మందు కాదు, మనిషి పుట్టుక రాత. దాన్ని జబ్బలో పొడిచి పైనుంచి కరెంటు పెడితే చెయ్యి, కోసిన కోడిలా, ఎగిరిపడుతుంది. ఆ రాత ఒంట్లో కలిశాక మనిషి పాత మనిషి కాడు. నెత్తురు మారుతుంది, వంశం మారుతుంది. ఎదురుగా పోయి నిలబడ్డా, వీడెవడో నాకు తెలియదంటాడు ఇంటిదేవుడు మల్లన్న.

"నాకేం వచ్చె వదినా, మీ తమ్ముడు ఏసుకుంటుండని జెప్పిన" అని దుర్గాదేవి నల్లా కింది బిందె ఎత్తుకుని పోయింది.

అది నిన్న సాయంత్రం మాట. ఇంద్రేశంలోని తన రెండు గదుల ఇంట్లోకి వచ్చి మొగులమ్మ ఆ భయాన్ని ఒంటరిగా మొయ్యలేకపోయింది. పొయ్యి వెలిగించకముందే తమ్ముడి భార్య శివమ్మకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పాక భయం తగ్గలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి, రెండయింది.

ఈ పొద్దు ఏడుంబావుకు, పటాన్‌చెరు అవతలి మందుల యూనిట్‌లో, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో నిలబడి ఆమె గాజులు తీసింది. బొట్టు తుడిచింది. ఫోన్ లాకర్‌లో పెట్టి తాళం వేసింది. నీలం కోటు తొడిగి, టోపీలోకి జుట్టంతా దోపి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. కుడి మణికట్టు మీద చర్మం ఇప్పటికీ నున్నగా, మెరుస్తూ ఉంటుంది. బొల్లారం కెమికల్ ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే రోజుల్లో ఏదో చింది కాలిన మచ్చ అది. భర్త కామెర్లతో పోయిన ఏడాది ఆ పనిలో చేరింది. పదకొండేళ్లు డ్రమ్ములు కడిగింది. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఆమె గోళ్లు పెరిగి ఎవరికీ కనబడలేదు, ఆమె మీద ఒక్క ఫిర్యాదు కాగితం రాలేదు.

చేతి తొడుగులు వేసుకుంది. ఎడమ తొడుగు అంచును మణికట్టు దగ్గర ఒక్క మడత మడిచింది. ఆ మడతలో చిటికెడు బండారి ఉంది. మల్లన్న గూటిలోంచి తెల్లారుజామున తీసి, కాగితంలో పొట్లం కట్టి తెచ్చిన దేవుడి పసుపు. పొడిపొడిగా, ఉందో లేదో అన్నట్టుంది.

తమ్ముడు నర్సింగ్‌కు మూడేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పుడు మొగులమ్మకు పన్నెండు. చంకన ఎత్తుకుని గొర్ల వెంట తిరిగింది. మూడేళ్లకు పెళ్లయి ఇంద్రేశం వస్తుంటే, వాడు ఎడ్లబండి వెనక ఊరి పొలిమేర దాకా ఉరికొచ్చాడు. ఇప్పుడు వాడికి ముప్పై తొమ్మిది. కాలేయంలో గడ్డ. కోసి తీసేశారు, మళ్లీ రెండు చిన్నవి లేచాయి. అప్పుడు దవాఖానలో పెద్ద డాక్టరు ఈ సూది సంగతి చెప్పాడు.

"నీ గడ్డ ముక్క తీసుకుని దాని గుర్తులు చదివాం. ఆ గుర్తులనే రాతగా రాసి నీ కండకు ఇస్తాం. తోడేలు వాసన కుక్కకు చూపించినట్టు. నీ ఒంట్లో ఉన్న కావలి దాన్ని వెతికి పట్టాలి. నీ పుట్టుకను ఇది ముట్టదు. పని చేస్తుందో లేదో ఇంకా చూస్తున్నాం, అది కూడా చెప్తున్నా" అన్నాడాయన.

"మా కుక్కకు గంత తెలివుంటే నా గొర్లు ఎందుకు వోతయ్ సారూ" అన్నాడు నర్సింగ్. డాక్టరు కూడా నవ్వాడు. నర్సింగ్ సంతకం చేశాడు. కార్డు మీద పేరు లేదు, పద్నాలుగు అని నంబరు మాత్రం ఉంది.

ఆ నంబరు చూడగానే మొగులమ్మకు సంగతి తెలిసిపోయింది. అలాంటి నంబర్ల డబ్బాలు రోజూ తన చేతుల మీదుగానే పోతాయి. ఒక్కో రోగికి ఒక్కో మందు, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. నంబరు వెనక మనిషెవరో యూనిట్‌లో ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే తనను ఆ గదిలోంచి తీసేస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల్లో రెండు సార్లు పద్నాలుగో నంబరు డబ్బాను తనే తుడిచి, తనే మూత పెట్టింది. మొన్న తీసిన స్కానింగులో గడ్డలు పెరగలేదు. ఇవాళ మూడోది. మధ్యాహ్నం మూడింటికి వాడికి దవాఖానలో సూది వేస్తారు.

ప్యాకింగు గదిలో ఓదెలు అప్పటికే థర్మోకోల్ డబ్బాలు వరుసగా పెట్టాడు. సదాశివపేట దిక్కు మనిషి, నోరు ఊరుకోదు.

"ఏందక్కా, మొఖం గట్ల పీక్కపోయింది? రాత్రి దోమలు గుంజుకపోయినయా?"

"నీ పని నువ్ సూస్కో."

"నా పని గూడ నువ్వే సూస్తవ్ గదా అక్కా, పెద్దదానివి" అంటూ అతను పొగలు కక్కే పొడి ఐసు తేవడానికి వెనక గదిలోకి పోయాడు.

ఫ్రీజర్‌లోంచి వచ్చిన చిన్న అట్టపెట్టె ఆమె ముందుంది. అరచేతిలో పట్టేంతది. లోపల ఒకే ఒక్క చిన్న సీసా. పైన చీటీ మీద పద్నాలుగు. అట్ట మీద సన్నటి మంచు పొర అప్పుడే పట్టింది. మొగులమ్మ తలుపు వైపు చూసింది. తొడుగు మడత విప్పి, చూపుడువేలితో బండారి అద్దుకుని, అట్టపెట్టె అడుగున ఒక్క బొట్టు పెట్టింది. నా తమ్ముడే తండ్రీ, రాత మారినా నీ పసుపు మారదు, గుర్తువట్టు, అని మనసులో అనుకుంది. పెట్టెను డబ్బాలో దించింది.

ఓదెలు ఐసు నింపాడు. చలి ఎంతుందో రాసుకునే చిన్న యంత్రాన్ని పక్కన పెట్టారు. దాని ఎర్ర చుక్క వెలగలేదు.

వెలగకపోతే డబ్బా కదలదు. క్వాలిటీ మేడం తేజస్విని వచ్చింది. వరంగల్ నుంచి వచ్చిన పిల్ల, ముప్పై దాటలేదు, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. యంత్రం మార్చమంది. నంబరు ఇంకోసారి సరిచూడడానికి ఐసు పక్కకు జరిపి, అట్టపెట్టె పైకెత్తింది.

పొడిగా ఉన్నంతసేపు పసుపు పసుపులా లేదు. మంచు తగిలి నానింది. అడుగు నుంచి అంచుల మీదుగా పాకి, చీటీలో సగాన్ని తడిపి, పద్నాలుగు అన్న అంకె చుట్టూ పచ్చగా పరుచుకుంది.

తేజస్విని పెట్టెను బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. "ఎవరూ ముట్టుకోకండి" అంది.

మేనేజరు బాపిరాజు వచ్చాడు. భీమవరం మనిషి, ఈ ఫ్యాక్టరీల బెల్టులో పాతికేళ్ల సర్వీసు. పచ్చటి పొడి అనగానే ఆయన ముఖం తెల్లబడింది. చుట్టూ ఉన్నవన్నీ కెమికల్ యూనిట్లు. ఏ గోడ అవతలి నుంచి ఏ పొడి గాలిలో వచ్చినా ఆశ్చర్యం లేదు. ముందు ఏసీ ఆపించాడు. తర్వాత ఓదెలు వైపు తిరిగాడు.

"ఏరా, గుట్కా నములుతున్నావా లోపల? నోరు తెరువు."

"లేదు సార్, మానేసి ఏడాదైంది. నా పెండ్లాం మీద ఒట్టు."

"నీ పెళ్లాం ఒట్టు నేనేం చేసుకోను? వెళ్లి బయట కూర్చో. సాయంత్రం గేటు పాసు ఇచ్చి వెళ్లు."

ఓదెలు తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వే ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో మొగులమ్మ మొదటిసారి చూసింది. గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదిన్నరకు బండి కదలాలి. ఆ పొడి ఏమిటో తెలియకపోతే డబ్బా పోదు. ఏమిటో తెలియాలంటే తను నోరు విప్పాలి. విప్పితే ఎనిమిదేళ్ల పని పోతుంది. విప్పకపోతే తమ్ముడి సూది పోతుంది. ఇంకా ఆలోచించాల్సింది ఏముందని తనను తానే తిట్టుకుంది. బాపిరాజు ముందుకు వచ్చింది.

"గా పొడి కెమికల్ గాదు సార్. మల్లన్న బండారి. నేనే వెట్టిన. ఓదెలుకేం తెల్వదు."

బాపిరాజుకు అర్థం కాలేదు. తేజస్వినికి అర్థమైంది. "ఎందుకు పెట్టావు?"

"ఆ నంబరు మా తమ్ముడు మేడం. సూది వోతే ఇంటిదేవుడు గుర్తువట్టడన్నరు. బొట్టు వెడితే గుర్తువడ్తడనుకున్న. పసుపే మేడం, తింటం గూడ. తుడిచి పంపుండ్రి. నన్ను ఇయ్యాల్నే తీసెయ్యిండ్రి, గా డబ్బా మాత్రం పంపుండ్రి."

బాపిరాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఎనిమిదేళ్లుగా చేస్తున్నావు కదమ్మా" అని మాత్రం అన్నాడు.

"తుడిచి పంపడానికి లేదు" అంది తేజస్విని. "చీటీ తడిసింది. సీసా బయట ఎంతసేపుందో కూడా లెక్క తప్పింది. ఇది పోదు."

మొగులమ్మ నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. దూడ తప్పిపోయిన బర్రెలా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. కొత్తగా చేయాలంటే ఐదు వారాలు పడుతుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు. కాలేయంలో గడ్డ ఐదు వారాల్లో ఏం చేస్తుందో కూడా తెలుసు. బొల్లారంలో తనతో డ్రమ్ములు కడిగిన మనిషిని అది అంతకన్నా జల్దీగా తీసుకుపోయింది.

తేజస్విని ఆమెను చూసింది. కంప్యూటరు చూసింది. పద్నాలుగో నంబరుకు ఇంకొక సీసా ఉంది, రేపెప్పుడైనా పరీక్షకు అవసరమొస్తుందని దాచినది. దాన్ని తియ్యాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. ఆ పిల్ల ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడింది. ఇంగ్లిషులో మాట్లాడింది, హిందీలో మాట్లాడింది. ఒకసారి గొంతు పెంచింది కూడా. పన్నెండింటికి సరేనన్నారు.

కొత్త డబ్బాను తేజస్విని తన చేతులతోనే సర్దింది. మొగులమ్మను లోపలికి రానివ్వలేదు. అద్దం బయట బల్ల మీద కూర్చుని ఆమె చూసింది. అట్టపెట్టె దిగింది, ఐసు దిగింది, ఎర్ర చుక్క వెలిగింది. ఓదెలు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నన్ను ఇరికియ్యకపోతివి. బతికిపోయిన."

"నిన్ను ఇరికిస్తే మల్లన్న నన్ను గుర్తువట్టడు గద" అంది. ఓదెలు నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది. పని ఎలాగూ పోతుంది, పోనీ. ఏ అపార్టుమెంటులోనో గిన్నెలు తోముకుంటుంది. వాడు ఉంటాడు.

బండి డ్రైవరు డబ్బా కోసం తలుపు దగ్గరికి వచ్చేసరికి తేజస్విని ఫోన్ మోగింది. దవాఖాన వాళ్లు. ఆమె విన్నది, ఊ కొట్టింది, మళ్లీ విన్నది. డ్రైవరును ఆగమని చెయ్యి చూపించి, మూసిన డబ్బాతో అద్దం గది బయటికొచ్చి దాన్ని బల్ల మీద పెట్టింది.

"మీ తమ్ముడు రక్త పరీక్షకు పది గంటలకే రావాలట. రాలేదు. పొద్దుటి నుంచి ఫోన్ ఎత్తట్లేదట. నీ ఫోన్ తెచ్చుకో."

మొగులమ్మ లాకర్ దగ్గరికి పరుగెత్తింది. తాళం రెండుసార్లు జారింది. ఫోన్‌లో శివమ్మ చేసిన కాల్స్ తొమ్మిది ఉన్నాయి. తమ్ముడికి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. అద్దం గది దగ్గరికి తిరిగొచ్చి మళ్లీ కలిపింది. తేజస్విని ఫోన్ తీసుకుని స్పీకరు పెట్టి, డబ్బా ఉన్న బల్ల మీద పెట్టింది.

ఈసారి ఎత్తాడు. మొదట గాలి చప్పుడు వినబడింది, తర్వాత గొర్రెలు.

"నర్సింగ్. యాడున్నవ్ రా?"

"గుట్ట మీద."

"దవాఖానకు వోవాలె గద బిడ్డా. నీ సూది తయారైంది. గీడ డబ్బా కట్టి వెట్టిండ్రు, బండి నిలవడ్డది. మేడం ఒక్కతే అందరి కాళ్లు మొక్కి ఇప్పిచ్చింది. గిప్పుడు బయలెల్లు, ఇంకా టైముంది."

"పోను."

"గడ్డ ఆగింది రా. స్కానింగుల నువ్వే జూసినవ్ గద."

"జూసిన."

"మరి?"

గొర్రెల మెడ గంటల మధ్య నర్సింగ్ ఎవరినో, కుక్కనేమో, అదిలించాడు.

"అక్కా, రాత్రి శివమ్మ ఏడ్సుడు ఆపలే. పిల్లలు నా పక్కన పండుకోలే, నన్ను ముట్టలే. నా ఇంట్ల నేను పరాయోని లెక్క అయిన. నేను రాను."

"నేను దెల్వక అన్న మాట రా అది. డాక్టరు సారు కాదన్నడు గద. నువ్ రాకుంటే గీ మందు..." ఆమె థర్మోకోల్ డబ్బా మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

తేజస్విని ఫోన్ దగ్గరికి వంగి, "నర్సింగ్ గారూ, ఇది మీ కోసమే చేసింది" అంది.

"వద్దు మేడం" అన్నాడు నర్సింగ్. "ఇంకెవరికన్న ఇయ్యిండ్రి."