విదేశాల్లో ఉన్నవారు: ఒకరు

ఉప్పుటేరు పొంగి పాలెం వీధుల్లో తెప్పలు తోలుకున్న వరద ఏడాదికి అది మూడో ఏడు. కాయితాల లెక్కన పంతొమ్మిది వందల అరవై అయిదు. ఆ ఏడే రంగూన్ నుంచి మాలకొండయ్య తమ్ముడు ముత్యాలయ్య కట్టుబట్టలతో దిగాడు.

అన్నదమ్ములిద్దరూ పడవలు కట్టే పనివాళ్ళు. మైపాడుకు దక్షిణాన, సముద్రం ఒడ్డున వాళ్ళ పాలెం. ముత్యాలయ్య పదిహేనేళ్ళ కిందట ఓడెక్కి రంగూన్ పోయి, ఓడల అడుగులు బాగుచేసే కార్ఖానాలో మేస్త్రీ అయ్యాడు. ఇప్పుడు అక్కడివాళ్ళు మనవాళ్ళను పొమ్మన్నారు. ఓడెక్కేటప్పుడు అతని పనిముట్ల పెట్టె కూడా రేవులోనే గుంజుకున్నారు.

ఇంతలో ఒక చాటింపు. నెల్లూరులో ప్రభుత్వం వారు పడవల కార్ఖానా పెడుతున్నారట. బర్మా నుంచి తిరిగొచ్చిన పనివాళ్ళకు ముందు చోటు ఇస్తారట. అయితే పైదేశాలకు పోయినవాళ్ళ జాబితాలో పేరుండాలి. ఆ జాబితా రెండేళ్ళ కిందట ఊరూరా రాశారు. రేపు పొద్దున నెల్లూరు నుంచి అధికారి వచ్చి పేర్లు సరిచూసుకుని పోతాడు. అదే ఆఖరు రోజు.

మాలకొండయ్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళోకి పోయాడు. పంచాయతీ ఆఫీసు గోడకు నల్లబల్ల ఉంది. దాని మీద ఊరి వివరాలు తెల్లరంగుతో రాసి ఉన్నాయి. ఇళ్ళు ఇన్ని, బావులు ఇన్ని, ఎనుములు ఇన్ని. అన్నిటికన్నా కింద: విదేశాల్లో ఉన్నవారు, ఒకరు. వారిలో చదువుకుంటున్నవారు, ఒకరు. పని తెలిసినవారు, లేరు.

మూడో తరగతితో బడి మానిన మాలకొండయ్య ఆ చివరి మూడు వరసలనూ కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. చదివి లోపలికి పోయాడు. లోపల కరణం పద్మనాభయ్య ఉన్నాడు.

"ఇదేందయ్యా, ఒకరేనా?"

"ఒకరే. మునసబు గారి అబ్బాయి. లండన్లో ఇంజనీరు చదువు."

"మావాడు?"

కరణం జాబితా తిప్పి చూశాడు. "మీవాడు పోయినట్టే ఇందులో లేదే. పోనివాడు తిరిగి ఎట్టా వస్తాడు?"

గుమ్మంలో నిలబడ్డ తలారి కిసుక్కున నవ్వాడు. ముత్యాలయ్య తల దించుకున్నాడు. రంగూన్‌లో పన్నెండు మందిని కింద పెట్టుకుని పని చేయించినవాడు అట్లా తల దించడం చూసి మాలకొండయ్యకు ఒళ్ళు మండింది.

"పోయినట్టు మీకు తెలవదా? నెలనెలా వాడి జాబు చదివి వినిపించింది మీరు గదా. చదివినందుకు ఎండురొయ్యలు తీసుకొనింది మీరు గదా."

"జాబు వేరు, జాబితా వేరు. రాసేటప్పుడు మీ ఇంటికొచ్చినా. సముద్రం దాటినోళ్ళు ఎవరన్నా ఉండారా అని అడిగినా. ఎవరూ లేరనింది మీ అమ్మ. పాలెంలో పదిహేడిళ్ళూ అదే మాట. ఇంటోళ్ళు చెప్పనిది నేనెట్టా రాసేది?"

"మునసబు గారింటికి పోయి అడిగినారా?"

"ఆయన్ను అడిగేదేంది? అది ఊరందరికీ తెలిసిందే గదా."

మాలకొండయ్య ముందుకు వచ్చాడు. చెక్క చెక్కే బాడిస పట్టి పట్టి కాయలు కాచిన చేతిని బల్ల మీద ఆనించి ఆయన వంకే చూశాడు. కరణం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ముత్యాలయ్య అన్న రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇంటికి రాగానే ఆ కోపం తల్లి మీదికి తిరిగింది. పోలేరమ్మ వాకిట్లో వల బాగుచేసుకుంటోంది.

"కన్నకొడుకును లేడని చెప్తివి గదమ్మా. ఇప్పుడు చూడు, వాడు లేనే లేడంట."

ముసలామె తల ఎత్తలేదు. "నీళ్ళ మీద పోయినోణ్ణి ఇంట్లో ఆడది లెక్కపెడతాదా? మీ నాయన వేటకు పోయినప్పుడు మీరెంతమంది పోయినారని ఎవరడిగినా చెప్పినానా? లెక్కపెడితే ఒకటి తగ్గుతాదని మా అత్త చెప్పింది. తగ్గకుండా వచ్చినాడు. నీకింకేం కావాల?"

"ఆ మాట కరణానికి చెప్పొచ్చు గదా."

"నువ్వాడనే ఉండావు గదరా. పడవ పలక చెక్కతా ఉండావు. నువ్వు చెప్పలేదేం?"

నిజమే. ఆ రోజు మాలకొండయ్య కూడా అక్కడే ఉన్నాడు. కరణం అడగడం విన్నాడు, తల్లి లేరనడం విన్నాడు. ఆచారం కదా అనుకుని బాడిస ఎత్తి దించుతూనే ఉన్నాడు. రొయ్యలు తిన్న పెద్దమనిషికి చెప్పకున్నా తెలుసులే అనుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లవారింది. కొత్త పడవ కోసం ఆరు నెలలుగా నీడన ఆరబెట్టిన టేకు పలకను మాలకొండయ్య భుజానికెత్తుకున్నాడు. తారు డబ్బా తమ్ముడి చేతికిచ్చాడు. తల్లిని ముందు నడవమన్నాడు.

"ఎంతమందని అడగొద్దు. లెక్క వద్దు. నీళ్ళు దాటినోళ్ళ పేరూ పనీ చెప్తే చాలు, అధికారి వచ్చేలోగా ఈ పలక మీద రాస్తా."

పోలేరమ్మ పాలెంలో తక్కిన పదహారు గడపలూ తొక్కింది. ఇంకా నీళ్ళ అవతలే ఉన్నవాళ్ళ పెళ్ళాలు తలుపు మూసుకోబోయారు. "నా బిడ్డ పేరు నేను ముందు చెప్తా ఉండా, చూడండి," అని ముసలామె కొడుకు పేరు గట్టిగా పలికింది. ఇద్దరు చెప్పనే లేదు. మిగిలినవాళ్ళు గొణిగారు. మాలకొండయ్య తారులో కుంచె ముంచి రాశాడు. ఒత్తులు తప్పాయి, అక్షరాలు ఏటవాలుగా జారాయి. చిన్నపోలయ్య, ఇంజను పని. చెంచురామయ్య, రంపం పని. కామాక్షయ్య, ఓడ సరంగు. అందరికన్నా పైన ముత్యాలయ్య, మేస్త్రీ.

ఆఫీసు తలుపు తీసేసరికి ఆ పలక నల్లబల్లను కప్పేసి ఉంది. మాలకొండయ్య మేకు కొడుతున్నాడు. కరణం పరుగున వచ్చాడు.

"ఏందిరా ఇది? ఎంతమందిని రాసినావు?"

"మేం లెక్కపెట్టం. అది మీ పని."

దూరంగా జీపు దుమ్ము లేచింది. మాలకొండయ్య నోట్లోంచి ఇంకో మేకు తీసుకున్నాడు.