రోడ్డు వైపు కూర్చోబెట్టిన బేరం

మొదలుపెట్టిన నాడు పెద్దాయన చేతిలో ఉన్నవి ఇవి: పధ్నాలుగు రోజుల గడువు, ఒక పాలసీసా, ఐదు నెలల మనవరాలు, సరిగ్గా వంగని కుడి మోకాలు. వీటికి తోడు నలభై ఏళ్ల అనుభవం. అయితే అదంతా చెప్పులూ బూట్లూ అమ్మి గడించింది కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అన్నది ఆయనకే తేలలేదు.

పని మాత్రం ఒక్క మాటలో చెప్పొచ్చు. పిల్లకు సీసా అలవాటు చెయ్యాలి. తల్లి రొమ్ము తప్ప అది ఇంకో దారి ఎరగదు. ఆ తల్లి, అంటే పెద్దాయన కోడలు, రేవులో క్రేన్ నడుపుతుంది. పై వారం తర్వాతి సోమవారం ఆమె తిరిగి పనిలో చేరాలి. చేరకపోతే ఆ క్రేన్ జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆ సంగతి ఉత్తరంలో మర్యాదగానే రాశారు. క్రేన్ గది పది అంతస్తుల ఎత్తున ఉంటుంది. పొద్దున ఎక్కితే షిఫ్టు అయ్యేదాకా దిగడం కుదరదు. పిల్లల్ని రేవులోకి రానివ్వరు. ఆరు గంటల షిఫ్టు, రానూ పోనూ గంటన్నర, వెరసి ఏడున్నర గంటలు. ఆ ఏడున్నర గంటలూ పిల్ల సీసాతో తాగితే కోడలు మళ్లీ పైకెక్కుతుంది. తాగకపోతే రాలేనని జవాబు రాసి కింద కూర్చుంటుంది. చెంచాతో పట్టి చూశారు, ఉమ్మేసింది.

కొడుకు పొద్దస్తమానం చెప్పుల కొట్లోనే. పెద్దాయన భార్య ఇంట్లోనే ఉంటుంది కానీ, ఆమె ఎత్తుకుంటే చాలు, పిల్ల ఆవిడ రొమ్ములో తల దూర్చి వెతకడం మొదలుపెట్టేది.

"నా దగ్గర సరుకు అయిపోయి ముప్పై ఏళ్లయింది, దీనికెవరు చెప్తారు?" అందావిడ. "మీ దగ్గరైతే ఆశ పెట్టుకోదు. మీరే పట్టండి."

అలా ఆ బాధ్యత పెద్దాయన ఒళ్లోకి వచ్చి పడింది. కొట్టు భాషలో బేరమంటే కొనడానికి వచ్చిన మనిషి. ఆయన మనవరాలికి 'పెద్ద బేరం' అని పేరు పెట్టాడు.

కోడలి పని ఎంత గొప్పదో పెద్దాయన కళ్లారా చూశాడు. ఒకసారి ఆమె మర్చిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి రేవు కంచె దాకా వెళ్లాడు. ఇల్లంత ఇనప్పెట్టె ఆకాశం నుంచి దిగుతోంది. కింద లారీ డ్రైవరు సీట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. పెట్టె లారీ మీద కూర్చుంది. డ్రైవరు చేతిలో టీ తొణకలేదు. అసలు పెట్టె దిగిన సంగతి అతను వెనక్కి తిరిగి చూస్తే గానీ తెలుసుకోలేదు. మడమ నొక్కకుండా బూటు తొడగడం ఎంత కష్టమో నలభై ఏళ్లు చేసినవాడికి తెలుసు. ఈ అమ్మాయి అంత ఎత్తున కూర్చుని లారీకి ఇనప్పెట్టె తొడిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు ఏమన్నా, కోడలి మాట వస్తే పెద్దాయన కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు.

ఆ చేతులే ఇప్పుడు తెల్లవారగానే వంటింటి కిటికీ పక్కన పాలు పిండే చేతిపంపు పట్టుకుని కూర్చుంటున్నాయి. అరగంట పిండితే సీసాలో మూడు వేళ్ల ఎత్తు పాలు. ఒక్కోసారి రెండు వేళ్లే. పెద్దాయన అప్పటి నుంచి పాలను అరగంటల్లో కొలవడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు ఒక అరగంట పోయింది. పిల్లను తల్లి పట్టుకున్నట్టే అడ్డంగా ఒళ్లో పడుకోబెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి, కొట్లో అలవాటైన ధోరణిలో మొదలుపెట్టాడు.

"తీసుకో తల్లీ. ఎంత మెత్తగా ఉందో చూడు. ఒక్కసారి పెట్టుకుని చూడు, నచ్చకపోతే వెనక్కిచ్చెయ్."

"అది పసిపిల్లండీ," అంది భార్య. "ఆ వెనక్కిచ్చేది మీ చొక్కా మీదే ఇస్తుంది."

అన్నట్టే ఇచ్చింది. విల్లులా వెనక్కి విరుచుకుని, వీధి చివరి దాకా వినపడేలా ఏడ్చింది. కోడలు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. సీసాలో మిగిలింది సింకులో పారబోశారు. ఎంగిలైన పాలు దాచకూడదని కోడలు ముందే చెప్పింది. అరగంట అలా జాలారి గుండా వెళ్లిపోతుంటే పెద్దాయన అటు చూడలేకపోయాడు.

ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూపించాలన్నది కొట్టు సూత్రం. మూడో రోజు ఆయన వెడల్పు పాలపీక ఉన్న సీసా తెచ్చాడు. నాలుగో రోజు సన్న పీకది. ఆ తర్వాత పొడుగుది, వంకరది, రొమ్ములాగే ఉంటుందని దుకాణంవాడు ప్రమాణం చేసి అమ్మినది. ఆరో రోజుకు కిటికీ గట్టు మీద ఆరు సీసాలు వరసగా నిలబడ్డాయి. పిల్ల ఆరింటినీ సమానంగా అసహ్యించుకుంది.

కోడలు ఆ వరస చూసి నవ్వాపుకుంది. "మామయ్యా, కొట్లో ఒక మనిషికి ఆరు జతలు చూపిస్తే కొంటారా?"

"ఆరు చూసినవాళ్లు కొనరమ్మా. ఇంకో చోట చూసొస్తామని వెళ్లిపోతారు." అన్నాక ఆయన మాట ఆయనకే తగిలింది. మర్నాడు ఐదు సీసాలను డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించాడు. మొదటి సీసా ఒక్కటే మిగిలింది. అందులోనూ నిండా పొయ్యడం మానేసి ఒక వేలు ఎత్తే పోయించాడు. నష్టం ఆగలేదు కానీ తగ్గింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కోడలు బల్ల దగ్గర కాగితం పెట్టుకుని కూర్చుంది. పిల్ల నిద్రపోతోంది.

"రాసేస్తాను మామయ్యా."

"ఏమని?"

"రాలేనని. దాన్ని ఇంతగా ఏడిపించి నేను వెళ్లి సాధించేదేముంది?"

"నువ్వు వెళ్లి సాధించేది నేను కంచె దగ్గర నిలబడి చూశాను," అన్నాడు పెద్దాయన. "జవాబు ఎప్పటికల్లా ఇవ్వాలి?"

"శుక్రవారం సాయంత్రానికి."

"ఇవాళ మంగళవారం. అంతదాకా ఆ కలానికి మూత పెట్టుంచు."

ఆమె మూత పెట్టింది. కాగితం మాత్రం బల్ల మీదే ఉంచింది. బుధవారం కూడా పిల్ల ఏడ్చింది, ఇంకో వేలెత్తు పాలు పోయాయి.

గురువారం కొడుకు సరుకు విడిపించుకోవడానికి వెళ్తూ, రెండు గంటలు కొట్లో కూర్చోమని తండ్రిని అడిగాడు. పెద్దాయన కుంటుతూ వెళ్లాడు. కూర్చున్న కాసేపటికి ఒకావిడ రెండేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చింది. వాడు బూటు చూడగానే తల్లి మెడ పట్టుకుని కొట్టు కప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"మూడు కొట్లు తిరిగొచ్చానండీ," అందావిడ నీరసంగా. "కాలు ముట్టుకోనివ్వడు."

"మీరు అటువైపు వెళ్లి సంచులు చూస్తూ ఉండండి, వాడికి కనబడకుండా."

పిల్లాణ్ని అందుకుని, పొట్టి పీట మీద కూర్చుని, వాణ్ని తన మోకాళ్ల మధ్య రోడ్డుకు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వాడి వీపు ఆయన ఛాతీకి ఆనింది. ఎదురుగా ఒకడు నిచ్చెన మీద నిలబడి షట్టరుకు రంగు వేస్తున్నాడు. పిల్లాడు ఇంకా వెక్కుతూనే ఆ రంగు వైపు చూశాడు. పెద్దాయన బూటును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని వెచ్చబెట్టాడు. మాట్లాడలేదు. బూటు అంచును వాడి బొటనవేలికి ఊరికే తగిలించి ఆగాడు. మళ్లీ తగిలించాడు. రంగు వేసేవాడి కుంచె కిందికి దిగేసరికి ఆ వేలు దానంతటదే లోపలికి జరిగింది. మడమ దగ్గర ఒక్క నొక్కు. అయిపోయింది.

రెండో బూటు చేతిలో ఉండగా పెద్దాయన అలాగే ఆగిపోయాడు.

ఏడ్చే పిల్లకు తల్లి కనబడకూడదు. మన ముఖమూ కనబడకూడదు. వస్తువును పొగడకూడదు, తోయకూడదు. రోడ్డు చూపించాలి. ఇది ఎవరూ ఆయనకు నేర్పలేదు. నలభై ఏళ్లలో చేతులు నేర్చుకుని బుర్రకు చెప్పకుండా దాచుకున్న విద్య. పది రోజులుగా ఇంట్లో ఆయన చేసిందంతా దీనికి సరిగ్గా తలకిందులు. తల్లిలా పట్టుకుంటే పిల్ల తల్లినే అడుగుతుంది కదా. ఇంకో తప్పు కూడా తట్టింది. పిల్లకు బాగా ఆకలేసిందని భార్య చెప్పినప్పుడే ఆయన సీసా తీసేవాడు. దారిలో చెప్పు తెగి, ఎండలో కాలు కాలుతున్నవాడు కొత్త రకాలు చూస్తానంటాడా?

కొడుకు రాగానే ఇంటికి బయల్దేరాడు. మోకాలు మూలిగినా వినిపించుకోలేదు.

"పాలు తాగి ఎంతసేపయింది?"

"గంటన్నర," అంది కోడలు. "ఇప్పుడేం ఆకలుండదు మామయ్యా."

"అదే కావాలి. నువ్వు అలా వీధి చివరి దాకా నడిచి రామ్మా. పంపు పట్టుకుని కూర్చున్న కాళ్లకు కాస్త గాలి తగులుతుంది."

ఆమె వెళ్లాక భార్య వైపు తిరిగాడు. "నువ్వు మాట్లాడకు."

"నేనేం మాట్లాడాను?"

"ఇదిగో, ఇదే."

పిల్లను ఒళ్లో నిటారుగా, తన ఛాతీకి వీపు ఆనించి, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఎదురింటి రెండో అంతస్తులో ఒక పనివాడు పొడుగు కర్రకు గుడ్డ కట్టి అద్దాలు తుడుస్తున్నాడు. కర్ర పైకి పోయినప్పుడల్లా పిల్ల తల కూడా పైకి పోతోంది. పెద్దాయన సీసా పీకను గోరువెచ్చని నీళ్లలో ముంచి తీశాడు. సీసాను దాదాపు అడ్డంగా పట్టుకుని, పీకను పైపెదవికి తగిలించి ఆగాడు. పిల్ల నాలుకతో తాకి చూసింది. చిగుళ్లతో నమిలింది. వదిలేసింది. ఆయన వెంటపడలేదు. పొగిడే మాటలు నోటిదాకా వచ్చాయి, పళ్లు బిగించి మింగేశాడు. కొట్లో ఎంత గట్టి బేరంతోనూ ఆయన ఇంత కష్టపడి నోరు మూసుకోలేదు.

ఎదురుగా కర్ర మళ్లీ లేచింది. పిల్ల నోరు తెరుచుకుంది. పీక లోపలికి వెళ్లింది.

కాసేపు నమలడమే. తర్వాత ఒక గుటక. ఎవరో పిలిచినట్టు పిల్ల ఉలిక్కిపడి ఆగింది. ఆయనా ఆగాడు. ఇంకో గుటక. ఆ తర్వాత సన్నగా, తెరలు తెరలుగా మొదలైంది. పెద్దాయన గుటకలు లెక్కపెట్టాడు. పదకొండు దాకా వచ్చి లెక్క తప్పాడు. ఆయన ఏ లెక్కా తప్పగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

వీధి చివర నుంచి తిరిగొచ్చిన కోడలు మెట్ల మీద ఆగింది. పది రోజులుగా సీసా పట్టినప్పుడల్లా ఆమెకు ఏడుపే వినిపించింది. ఇవాళ ఏమీ వినిపించకపోయేసరికి రెండేసి మెట్లు ఎక్కి వచ్చింది. వెనక అడుగుల చప్పుడు విని పెద్దాయన తిరక్కుండానే ఒక వేలు పైకెత్తాడు. ఆమె పిల్లకు కనబడకుండా తలుపు పక్కనే నిలబడిపోయింది. సీసా ఖాళీ అయింది. భార్య చప్పుడు చెయ్యకుండా వచ్చి ఇంకో వేలెత్తు పోసి ఇచ్చింది. అదీ అయింది. తలుపు దగ్గర కోడలి చొక్కా ముందు భాగం రెండు చోట్ల గుండ్రంగా తడిసింది. ఆమె చేతులు కట్టుకుని దాన్ని కప్పుకుంది.

పిల్లను అందుకుంటూ కోడలు అంది: "సంతోషంగానే ఉంది మామయ్యా. కొంచెం ఏదోలా కూడా ఉంది."

"ఉండదా మరి. కొత్త కొట్టు తెరిచాం, అంతే. పాత కొట్టుకు తాళం వెయ్యలేదు."

"రద్దీ మాత్రం పాత కొట్టు దగ్గరే," అంది భార్య. తల్లి ఒళ్లోకి చేరగానే పిల్ల అప్పుడే తల దూరుస్తోంది.

శుక్రవారం సాయంత్రానికి కోడలు రేవుకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. బల్ల మీది కాగితం మీద పాలు ఎప్పుడెప్పుడు పట్టాలో రాసి గోడకు అంటించింది. శని, ఆదివారాల్లో భార్య కూడా విద్య పట్టేసింది. పిల్లను ముఖం అటు తిప్పి కూర్చోబెడితే వెతకడానికి ఆమె రొమ్ము వెనకే ఉండిపోతుంది కదా. అద్దాలు తుడిచేవాడు లేని రోజున గోడ మీది కాకి సరిపోయింది.

సోమవారం కోడలు పైకెక్కింది. ఇంట్లో పిల్ల మొదటిసారి అరవై మిల్లీలీటర్లు తాగింది. రెండోసారి వద్దని ముఖం తిప్పేసింది. పెద్దాయన కంగారుపడకుండా సీసా పక్కన పెట్టి, పావుగంట ఆగి చూపిస్తే తొంభై తాగింది. మూడోసారి డెబ్బై. మధ్యాహ్నం కోడలు గ్రీజు వాసనతో వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సంచిలోంచి మంచుగడ్డల మధ్య పెట్టిన సీసా తీసింది. క్రేన్ గదిలో, ఒక ఓడ వెళ్లి ఇంకోటి వచ్చేలోపు దొరికిన ఖాళీలో పిండిన పాలు. పది అంతస్తుల పైన, ఒక్కతే కూర్చుని. నాలుగు వేళ్ల ఎత్తు.

పెద్దాయన ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. రెండు చేతులతో పట్టుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు.

గురువారం నాటికి ఆయన లెక్క ముగించాడు. పోయినవి: కోడలి అరగంటలు ఎనిమిది, అటక మీది సీసాలు ఐదు, మోకాలికి ఇంకాస్త బిగుతు. నిలిచినవి: ఒక సీసా, గోడ మీది కాగితం, పైన క్రేన్ గదిలో కోడలి కుర్చీ.

లెక్కలో రాసుకోని లాభం ఒకటి ఆ మధ్యాహ్నమే వచ్చింది. నలభై ఏళ్లలో ఎన్ని వేల మంది పిల్లలకో అలా వెనక నుంచి బూట్లు తొడిగాడు. ఒక్కడి ముఖమూ సరిగ్గా చూడలేదు. ఈ బేరాన్నీ రోడ్డు వైపే కూర్చోబెట్టాడు, నడినెత్తి తప్ప ఏమీ కనబడదు. కిటికీలో చూడ్డానికి కాకి కూడా లేని ఆ పూట, పీక నోట్లో ఉండగానే పిల్ల మెడ తిప్పి, తల పైకెత్తి, తన వెనక ఎవరున్నారో చూసింది. తాగడం ఆపలేదు. ఆయన కళ్లలోకి చూస్తూనే సీసా ఖాళీ చేసింది.