అంటుకుంటదంట

"రూపా, నీ గిలాస మా వాటిల్ల కలుపకు. ఎన్నిసార్లు చెప్పాలె?" అంది అత్త తిమ్మక్క, అంట్లు తోముతున్న కోడలితో. ఇంటిల్లిపాది ఎంగిలీ రూప చేతుల మీదుగా పోవాలి, రూప ఎంగిలి మాత్రం ఎవరికీ సోకకూడదు. ఇదేం మడో అడిగే ఓపిక ఆమెకు లేదు. బుగ్గల లోపలంతా తెల్లటి గీతలు, వాటి మధ్య ఎర్రగా ఒరుసుకుపోయిన పుళ్ళు. మజ్జిగన్నం కూడా మండుతుంది. అయినా మొగుడు ఈరేష్‌కి జొన్నరొట్టెలోకి రోజూ ఎర్రకారం నూరాల్సిందే. "మండేది నీ నోరు గద, నాది గాదు" అంటాడు, అదేదో హాస్యమైనట్టు.

బుగ్గలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఏం తేలిందో కనుక్కోవడానికి తమ ఊరు మాన్వి నుంచి రాయచూరు ఆసుపత్రికి ఈరేష్ ఒక్కడే వెళ్ళాడు. ఆరోజు ఇంటికి చుట్టాలొచ్చారు, రూప వెళితే వంటెవరు చేస్తారు? తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే, "అంటుకుంటదంట. పిల్లకు ముద్దులు గిట్ల పెట్టకు" అన్నాడు. నాలుగేళ్ళ కూతురు శ్రుతి పడక నాయనమ్మ దగ్గరికి మారిపోయింది. రూప అన్నం కలిపి పెడితే పిల్ల నోరు తెరవదు. "అమ్మ నోట్ల పురుగులున్నయి" అని పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంది. తిమ్మక్క మురిసిపోతుంది. రూప పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తుంది.

మందు అయిపోతే ఈసారి తనే బస్సెక్కింది. నోరు చూపించుకుని లేవబోతూ డాక్టరును అడగలేక అడిగింది. "మేడం, పాపను మళ్ళ ఎప్పుడు ముద్దువెట్టుకోవచ్చు?"

డాక్టరు తెల్లబోయింది. "ఇది అంటుకునే జబ్బే కాదమ్మా. బయటి నుంచి ఏ పురుగూ రాలేదు. ఒంట్లో కాపలా ఉండే తెల్లకణాలు మీ నోటి చర్మాన్నే పరాయిదనుకొని తినేస్తున్నాయి. మందుతో వాటిని శాంతపరిస్తే పుండు మానుతుంది. మీ ఆయనకు రెండుసార్లు చెప్పానే!"

తిరుగు బస్సులో రూపకు ఆ కణాల మీద కోపం రాలేదు. పాపం, అవి తెలియక కరుస్తున్నాయి. తెలిసి కరిచేవాడు ఇంట్లో ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"అంటుకోదని డాక్టరు మీకు చెప్పిందంట గద?" ఇంట్లో అడుగు పెడుతూనే అడిగింది.

ఈరేష్ ఫోన్ లోంచి తలెత్తలేదు. "చెప్పింది. అయితే ఏంది? నీ నోరు సూస్తే నాకు కడుపుల తిప్పుతది. దూరముండు అని మొకం మీద చెప్తే ఏడుస్తవు. అందుకే గట్ల చెప్పిన."

రూప బయటికి నడిచింది. వాకిట్లో ఆడుకుంటున్న శ్రుతిని ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. పిల్ల కెవ్వుమంది. అరచేత్తో తుడుచుకుంది, గౌనుతో తుడుచుకుంది, "నాయనమ్మా, పురుగులు!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

తిమ్మక్క ఉరికొచ్చింది. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"అంటుకుంటదో లేదో మీ కొడుకునే అడుగుండ్రి అత్తమ్మా."

ఈరేష్ గుమ్మంలోకి వచ్చాడు. తల్లిని చూశాడు, ఏడుస్తున్న కూతుర్ని చూశాడు. "పిల్లను దించు," అన్నాడు, రెప్ప వేయకుండా. "అంటుకుంటది."

రూప దించలేదు. "తుడుచుకో బిడ్డా," అంది, పిల్ల రెండో బుగ్గ తన వైపు తిప్పుకుంటూ. "నువ్వు తుడుచుకునుడు మానేదాంక నేను పెడ్తనే ఉంట."