ముత్తియాల్‌పేట ఐసు గచ్చు

తెల్లవారి ఐదున్నరకు తాయారు గేటు తీసేసరికి రాజాత్తి గంప పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉండేది. సోలై నగర్ నుంచి చేపలు తెచ్చి ముత్తియాల్‌పేట వీధుల్లో అమ్ముకునే మనిషి. లోపల స్కేటింగ్ గచ్చు మీద వేలెడు మందాన ఐసు తెల్లగా పరుచుకుని ఉండేది. రాజాత్తి అంచున గొంతుక్కూర్చుని చిన్న ఉలితో పెళ్ళగించి, ముక్కలు చేపల మీద సర్ది, పైన తడి గోనెపట్ట కప్పుకునేది.

"నడుమ మాత్రం ముట్టొద్దు," అని తాయారు దినమూ చెప్పేది.

"రెండేళ్ళుగా వస్తా ఉండా. నాకు తెలీదా అక్కా," అని రాజాత్తి అరవంలో బదులిచ్చేది.

పక్కింటివాళ్ళు పాల ప్యాకెట్లు తెచ్చి అంచున పెట్టుకునేవాళ్ళు. ఎవరింట్లోనైనా పిల్లకు జ్వరమొస్తే గుడ్డలో ఒక ముక్క కట్టుకుని పోయేవాళ్ళు. ఎనిమిదింటికి ఎండ తూర్పు గోడ దాటగానే ఐసు కరిగి, ఆ నీళ్ళు మునగచెట్టు మొదట్లోకి పోయేవి. ఎండాకాలమైనా అంతే, వానాకాలమైనా అంతే. నాలుగింటికి కొళాయి నీళ్ళు వస్తాయి, ఐదింటికి ఐసు వస్తుంది. అందులో అడగడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు.

ఆ గచ్చు తాయారు మొగుడు దేవరాజన్ వేయించింది. ఆయనకు ఇనుప సామాన్ల అంగడి ఉంది. కొడుకు భువనేశ్ చక్రాల స్కేట్లు కట్టుకుని వీధిలో ఆటోల నడుమ తిరుగుతుంటే భయపడి, ఇంటి వెనక ఖాళీ స్థలంలో నున్నగా సిమెంటు పోయించినాడు. అనంతరామన్ అనే రిటైరైన డ్రిల్ మాస్టరు అక్కడ పిల్లలకు నేర్పేవాడు. పరుగు పందేలు కాదు. పాటకు తగినట్టు తిరగడం, ఎగరడం, జంటగా ఆడడం. భువనేశ్‌కు జత రెండు వీధుల అవతలి అభినయ. ఏడేళ్ళ వయసు నుంచి ఇద్దరూ కలిసే పడినారు, కలిసే లేచినారు. తాయారు సాయంత్రాలు కూరగాయలు తరుక్కుంటూ గట్టు మీద కూర్చుని చూసేది. దేవరాజన్ అంగడి కట్టేసి వచ్చేసరికి పిల్లలు ఇళ్ళకు పోయేవాళ్ళు.

పోటీలో ఓడి పిల్లలు మొహం వేలాడేసుకుంటే అనంతరామన్ మాస్టరు ఒకే మాట చెప్పేవాడు.

"1961లో అమెరికా స్కేటింగ్ జట్టు జట్టంతా పోటీలకు పోతా ఉంటే విమానం కూలింది. ఒక్కరూ మిగల్లేదు. గురువులూ పోయినారు. ఆ ఏడు ప్రపంచ పోటీలే ఆపేసినారు. మరుసటేడు ఆ దేశంవాళ్ళు వేరే పిల్లలను తీసుకుని మళ్ళా వచ్చినారు. గెలిచినారా ఓడినారా అని నన్ను అడగొద్దు. వచ్చి నిలబడినారు."

రెండేళ్ళ కిందట మద్రాసులో పోటీలు. వారం ముందు అభినయ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. జంట పోటీ చివరి రోజున. ఆమె లేదు కాబట్టి ఆ రోజు దాకా ఉండే పని లేకపోయింది. ముందు రోజు సాయంత్రమే మాస్టరు పిల్లలను వ్యాన్‌లో ఎక్కించుకుని బయలుదేరినాడు. కాలాపేట దగ్గర, ఇంక పావుగంటలో ఇల్లు చేరతారనగా, ఎదురుగా వచ్చిన లారీ గుద్దింది. మాస్టరు, భువనేశ్, మీనా అనే పన్నెండేళ్ళ పిల్ల పోయినారు.

పదకొండో రోజు పొద్దున గచ్చు మీద ఐసు వచ్చింది.

అభినయ మళ్ళీ ఆ ఇంటి వైపు రాలేదు. కాలాపేట యూనివర్సిటీలో చేరింది. బస్సు ఆ చోటు దాటేటప్పుడు కళ్ళు మూసుకుని వంద దాకా లెక్కపెట్టుకునేది.

ఈ ఏడు మార్చిలో ఒకరోజు దేవరాజన్ కాఫీ తాగుతూ చెప్పినాడు.

"గచ్చు పగలగొట్టిస్తాను. గోడౌను వేసుకుందాం. మే ముప్పయ్యికి మనుషులు వస్తారు."

"ఎందుకు?"

"అంగడిలో సామాను పట్టడం లేదు."

"అది కాదు. ఎందుకు?"

ఆయన గ్లాసు కింద పెట్టినాడు. "పొద్దున లేచి కిటికీ తీస్తే అదే కనిపిస్తుంది. నావల్ల కాదు తాయారూ."

"నావల్ల అవుతుంది," అని తాయారు గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున ఆమె గడియార స్తంభం దగ్గర బస్సు కోసం నిలబడిన అభినయ పక్కకు పోయి నిలబడింది. ఆ పిల్ల తల వంచుకుంది.

"రేపు ఐదున్నరకు రా," అంది తాయారు. "గచ్చు పగలగొడతారంట. ఎవరైనా ఆడుతా ఉంటే పగలగొట్టడం కష్టం."

"నాకు ఇప్పుడు రాదు అత్తా."

"వచ్చిందాకా పడు."

బస్సు వచ్చింది. అభినయ ఎక్కలేదు. రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "నా చెయ్యి విరక్కుండా ఉంటే వాళ్ళు ఇంకో రోజు మద్రాసులోనే ఉండేవాళ్ళు. ఆ లారీ ఎవరికీ ఎదురొచ్చేది కాదు."

"నేనూ అట్లనే అనుకున్నాను," అంది తాయారు. "మొదటి నెల నిన్ను తిట్టుకున్నాను. నీకు తెలియాలనే చెప్తా ఉండాను. ఆమీట లారీవాని కేసు కోర్టులో నడిచేటప్పుడు పోయి కూర్చున్నాను. స్టీరింగు మింద నిద్రపోయినానని వాడే ఒప్పుకున్నాడు. నిద్రపోయింది వాడు. నువ్వు కాదు."

అభినయ రోడ్డు చివరి దాకా చూసి, కళ్ళు తుడుచుకుంది. "ఐసు మింద చక్రాలు నిలవవు అత్తా," అంది.

దానికి అరివళగన్ దొరికినాడు. పక్క వీధిలో లేతు మిషన్ షెడ్డు నడిపే మనిషి. అభినయ పాత బూట్లకు చక్రాల పట్టీలు ఊడదీసి, గట్టి ఉక్కు పట్టీలు సానపట్టి బిగించినాడు. ఫోనులో బొమ్మ చూసి, ఎగిరేటప్పుడు గుచ్చుకోవడానికి కొనలో చిన్న పళ్ళు కూడా కోసినాడు. మొదటి జత నాలుగు రోజుల్లో వంగిపోయింది. రెండోది నిలిచింది.

మొదటి వారం అభినయ పడడం తప్ప ఏమీ చేయలేదు. మోకాళ్ళు, మోచేతులు నల్లగా కమిలిపోయినాయి. వాళ్ళమ్మ లీలమ్మ గేటు దాకా వచ్చి, "ఒకసారి దేవుడు తప్పించినాడు, చాలదా?" అని ఏడ్చింది.

"తప్పించింది ఇంట్లో కూర్చోవడానికి కాదు లీలమ్మా," అంది తాయారు.

గట్టు మీద కూర్చుని తాయారు చూస్తూనే ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి, "కుడి భుజం ముందే తిప్పేస్తా ఉండావు," అంది. "అందుకే పడతా ఉండావు. మాస్టరు వానికి దినమూ అదే చెప్పేది."

అభినయ భుజం పట్టి ఉంచి ఎగిరింది. నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజు నుంచి తాయారు నోరు ఊరుకోలేదు. మోకాలు వంచమనేది, తల ఎత్తమనేది, పాట కంటే ముందు పరిగెత్తొద్దనేది. పదేళ్ళు కూరగాయలు తరుక్కుంటూ విన్నదంతా ఆమెకు వరుసగా గుర్తుంది.

అభినయ కొత్త ఆట ఏదీ కూర్చుకోలేదు. భువనేశ్‌తో ఆడిన జంట ఆటే ఒంటరిగా ఆడింది. అతను ఉండాల్సిన చోట్లు ఖాళీగా వదిలి, చెయ్యి చాపి, ఆ చేతిని ఎవరో పట్టుకున్నట్టే తిరిగేది.

మే ముప్పయ్యిన దేవరాజన్ నలుగురు మనుషులతో, కాంక్రీటు పగలగొట్టే మిషన్‌తో గేటు తీసుకుని వచ్చినాడు. ఏడున్నర అయింది. అభినయ ఐసు మీద ఉంది.

"దిగమ్మా," అన్నాడు.

"దిగను మామా."

ఆయన భార్య వైపు చూసినాడు. తాయారు గట్టు మీద నుంచి లేవలేదు.

మిషన్ మనిషి కాలితో ఐసును తట్టి చూసినాడు. "దీని మింద మిషన్ నిలవదు సార్. జారుతుంది. ఎనిమిదింటికి కరుగుతుంది కదా, ఆమీట మొదలుపెడతాం." వాళ్ళు మునగచెట్టు నీడన కూర్చుని బీడీలు ముట్టించుకున్నారు.

ఎనిమిది అయింది. ఎండ గోడ దాటింది. ఐసు కరగలేదు. తొమ్మిదింటికి గోడ మీద చెయ్యి పెడితే కాలింది. ఐసు పొద్దున ఉన్నట్టే ఉంది. పదింటికి రాజాత్తి ఖాళీ గంపతో మళ్ళీ వచ్చి, అంచున ఇంకొన్ని ముక్కలు తీసుకుని మధ్యాహ్నం బేరానికి పోయింది. మిషన్ మనుషులు టీకి పోయి వచ్చినారు. అభినయ మాత్రం ఆగలేదు. ఆడింది, నీళ్ళు తాగింది, మళ్ళీ ఆడింది. అలిసినప్పుడు కూర్చుని లేసులు బిగించుకుని లేచింది. పదకొండింటికి వీధి పిల్లలు గోడెక్కి చూస్తున్నారు.

పన్నెండింటికి దేవరాజన్ చొక్కా తడిసి ముద్దయింది. వచ్చి భార్యకు కొంచెం ఎడంగా గట్టు మీద కూర్చున్నాడు. అభినయ ఫోనులో పాట మొదటికి పెట్టింది. మొదటి నుంచి చివరి దాకా ఆయన ఆ ఆటను చూడడం అదే మొదలు. నడుమ ఒకచోట ఆమె రెండు చేతులూ పైకి చాపి, ఆగి, ఒంటరిగా ఎగిరి, దబ్బున పడింది. లేచి వెనక్కి పోయి, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పడింది.

"అక్కడ వాడేం చేసేది?" అని అడిగినాడు దేవరాజన్. అభినయ ఆగి వెనక్కి తిరిగింది.

"నన్ను ఎత్తేవాడు మామా. తలకంటే పైకి. నేను భయపడి కాళ్ళు ముడుచుకుంటే కిందకి దించినాక తిట్టేవాడు."

"ఏమని?"

"బియ్యం మూట కూడా నీ కంటే కుదురుగా ఉంటుందని."

దేవరాజన్ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి భుజాలు కదిలినాయి. అది నవ్వో ఏడుపో తాయారుకు తెలియలేదు, ఆయనకూ తెలిసి ఉండదు. ఆమె జరిగి పక్కన కూర్చుంది.

"నేనొక్కసారి కూడా చూడలేదు," అన్నాడాయన.

"ఇప్పుడు చూడండి."

మూడోసారి అభినయ ఎగిరి నిలబడింది. మునగచెట్టు కింద మిషన్ మనుషులు చప్పట్లు కొట్టినారు. దేవరాజన్ లేచి వాళ్ళ దగ్గరికి పోయి, "మిషన్ ఎత్తుకుని పొండి. పని లేదు," అన్నాడు. అప్పటికీ ఐసు కరగలేదు. పిల్లలు గోడ దిగి వచ్చి చెప్పుల్లేని కాళ్ళతో అంచున జారుతూ, పడుతూ, సాయంత్రం దాకా ఆడుకున్నారు.

ఆగస్టులో డెహ్రాడూన్‌లో దేశం తరఫున ఆడే ఐసు స్కేటింగ్ జట్టుకు పిల్లలను ఎంచినారు. అభినయతో దేవరాజన్, తాయారు కూడా రైలెక్కినారు. పోటీలు చూసుకునే యోగానంద్ మద్రాసు మనిషి. కాగితాలు నింపుతూ అరవంలో అడిగినాడు.

"దక్షిణాది పిల్లలకు ఏడాదికి పది రోజులు ఐసు దొరికితే గొప్ప. నువ్వు ఎన్నాళ్ళు ఆడినావు?"

"మార్చి నుంచి దినమూ సార్. ముత్తియాల్‌పేటలో."

"ఓ, ఆ గచ్చా," అని రాసుకున్నాడు. ప్రాక్టీసు చూసినాక మళ్ళీ పిలిచినాడు. "నడుమ నడుమ ఊరికే చెయ్యి చాపి పోతా ఉండావు. దానికి మార్కులు రావు. ఆ చోట్లలో ఏదైనా చేసుకో, లేకపోతే తీసెయ్."

"తీయను సార్."

"ఓడిపోతావు."

"ఓడితే ఓడతాను. అది తీయను."

ఆమె అట్లనే ఆడింది. అరివళగన్ ఉక్కు పట్టీలు ఆ పెద్ద హాలులో కరకరమన్నాయి. నడుమ రెండు చేతులూ పైకి చాపి ఆగింది. ఆమీట ఆమె ఎగిరి నిలబడింది. చివరన ఒకచోట జారి పడింది, పాట ఆగకముందే లేచింది. ముగ్గురిని తీసుకున్నారు. మూడో పేరు అభినయది.

సాయంత్రం యోగానంద్ ఇంకో కాగితం ముందు పెట్టినాడు.

"కోచ్ సంతకం కావాలి. కోచ్ ఎవరు?"

అభినయ తాయారు వైపు చూసింది. తాయారు కుర్చీ ముందుకు లాక్కుంది.

"నేనే."

"మీరు స్కేటింగ్ చేసినారా అమ్మా?"

"లేదు. పదేళ్ళు చూసినాను. ఈ పిల్ల పడిన ప్రతిసారీ ఎందుకు పడిందో చెప్తాను, అడగండి. ఇవాళ పడింది కూడా."

"చెప్పండి."

"అలిసిపోయి ఎడమ మోకాలు వంచలేదు."

యోగానంద్ ఆమె మొహం చూసి, కలం ముందుకు జరిపినాడు. తాయారు కొంగుతో చెయ్యి తుడుచుకుని, గీత మీద నిదానంగా అరవ అక్షరాలతో దే. తాయారు అని సంతకం పెట్టింది. కాగితం తిరిగి ఇస్తూ, "రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?" అని అడిగింది.