అత్త తరఫు సాక్షి

కోర్టు వరండాలో అత్త తరఫు వకీల్ సాబ్ నాకు హిందీలో మళ్లీ చెప్పాడు.

"ఒక్కటే అడుగుతాను బేటీ. మీ అత్త నిన్ను కూడా కొట్టేదా అని. అవునను, చాలు."

"నన్నెప్పుడూ కొట్టలేదు కదా," అన్నాను నెమ్మదిగా.

మామ శ్రీరంగం ఉలిక్కిపడ్డాడు. "ఏంది పిల్లా! ఏండ్లకేండ్లు నోరు తెరవకుంట, ఇయ్యాల్నే మాటలొచ్చినయా? అత్త జైలుకు పోవాల్నా?"

అమ్మ పోయినప్పటి నుంచి భోపాలపట్నంలో వాళ్లింట్లోనే ఉంటున్నాను. కమలాకుమారి అత్త నాన్నకు అక్క. పక్క పల్లెలో కూలి చేసే మాసా కూతురు, పదేళ్ల సోమ్లీ, మా ఇంట్లో పనికి ఉండేది. పాలు ఒలకబోసిందని అత్త కాల్చిన అట్లకాడ దాని చేతికి పెట్టింది. ఆసుపత్రిలో నర్సు ఆ చెయ్యి చూసి పోలీసులకు చెప్పింది. పిల్లను హింసించినందుకు మూడేళ్ల దాకా జైలు పడవచ్చునట. ఊరి పెద్దల ముందు మాసా రాజీకి ఒప్పుకున్నాడు. ఇలాంటి కేసులో రాజీ చెల్లదన్నది కోర్టు. అత్త సోమ్లీని ఇంటి పిల్లలాగే చూసిందని, తప్పు చేస్తే అందరినీ ఒకేలా దండించేదని చెప్పుకోవడమే ఇక మిగిలింది. అది చెప్పడానికే నన్ను తెచ్చారు.

సోమ్లీ అంతకుముందే, అత్త కంట పడకుండా, తెర వెనక కూర్చుని సాక్ష్యం చెప్పి వెళ్లిపోయింది.

"మీ అత్త నిన్ను కూడా కొట్టేదా?" నేను బోనెక్కాక వకీల్ సాబ్ అడిగాడు.

అత్త నా వైపే చూస్తోంది. ఆ పొద్దున నాకు జడ వేసింది కూడా తనే.

"లేదు. ఒక్కసారి కూడా కొట్టలేదు."

"బాగా గుర్తు తెచ్చుకో, బేటీ."

"గుర్తుంది సార్."

ప్రభుత్వ వకీలమ్మ లేచింది. "నువ్వెప్పుడైనా పాలు ఒలకబోశావా?"

"పోశాను. పొయ్యి మీది గిన్నె మొత్తం."

"అప్పుడు అత్త ఏం చేసింది?"

"నా కాళ్ల మీద చల్లనీళ్లు పోసింది. పాలు పోతే పోయినయి, నీకేం కాలే గద, అన్నది."

అత్త గురించి అంత మంచిమాట నేను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. అత్త తల దించుకుంది.

బయటికి వచ్చాక వకీల్ సాబ్, ఇక శిక్ష తప్పదన్నాడు. మామ నా మీదికి వచ్చాడు. "కడుపుల పెట్టుకొని సాదినందుకు మంచిగనే జేసినవ్!"

"ఊకోండి," అన్నది అత్త. "అది అబద్ధమాడలే."

ఇంటికి తిరిగి వెళ్లే బస్సులో నాకు వాంతులవుతాయని కిటికీ పక్కన నన్నే కూర్చోబెట్టింది. దారిలో మద్దేడ్‌లో బస్సు ఆగితే పల్లీల పొట్లం కొని, సగం నా ఒళ్లో పోసింది. తన సగం చేతిలోనే ఉండిపోయింది.

"సోమ్లీని తోలుకొచ్చిన నాడు గూడ బస్సు ఈడ్నే ఆగింది," అన్నది. "పల్లీలు జూసి అడిగింది."

"ఇచ్చినవా అత్తా?"

"ఇయ్యలే."

తర్వాతి నెలలో అత్తకు ఏడాది శిక్ష పడింది. పై కోర్టుకు పోదామని మామ ఎంత చెప్పినా, అత్త వద్దన్నది.