నూకాలమ్మ చేతికి మోగిన గ్లౌజు

నేను ఒక గ్లౌజుని. కుడిచేతిదాన్ని. నాకు జోడు లేదు; ఎడమచేతికి ఒక చెల్లెల్ని కూడా కుట్టే ఓపిక మా హిమజకు లేకపోయింది. విశాఖపట్నంలో ఒక డిజైను కాలేజీలో, ఆఖరి ఏడాది పరీక్షకని ఆ పిల్ల నన్ను తయారుచేసింది. నల్లటి సాగే గుడ్డ నా ఒళ్లు. వేలు వేలుకీ లోపల ఒక పల్చటి పట్టీ. వేలు వంగితే అది పసిగట్టి మణికట్టు దగ్గరున్న బుల్లి స్పీకరుకి చెబుతుంది, స్పీకరు గజ్జెలా ఘల్లుమంటుంది. ఇంతే నా సంగతి. కాలేజీవాళ్లు దీనికి పెట్టిన పేరు మాత్రం బారెడుంది, నా నోరు తిరగదు.

ఎవరి కోసం పుట్టానో చెప్పనీండి. నూకాలమ్మ అని, పూల బజారులో మల్లెలూ కనకాంబరాలూ కట్టి అమ్మిన మనిషి. అరటినార చేతికందితే ఆవిడ వేళ్లు కనబడేవి కావట, దండ మాత్రం ఒళ్లోకి జారుతూ ఉండేదట. పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో వేళ్లకు కసరత్తు చేయిస్తుంటే విసుక్కునేది. వేలు రవ్వంత కదిలినా ఒక చప్పుడు వినబడితే ఆ విసుగు పోతుందని హిమజ ఆలోచన. మంచి ఆలోచనే. చెడ్డ ఆలోచనకు పుట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

కొలతలకు వెళ్లిన రోజు నూకాలమ్మ ఒకటే నవ్వు. "ఏటి పాపా, గాజులోడిలాగ అలగ కొలుత్తన్నావు? పెళ్లి సేత్తావేటి నాకు?" అంది.

పరీక్ష రోజు వచ్చింది. గురువులు వరసగా కూర్చున్నారు. ఉతికిన చీర కట్టుకుని, తల్లో ఎవరో కట్టిన పూలు పెట్టుకుని నూకాలమ్మ ఆటో దిగింది. సరిగ్గా అప్పుడే వేళ్ల పట్టీలనుంచి స్పీకరుకి వెళ్లే నా లోపలి తీగలు ఊడిపోయాయి. హిమజ నన్ను తిప్పి తిప్పి చూసింది, లాభం లేకపోయింది. దాని స్నేహితుడు ఫణి చెవిలో ఊదాడు.

"కంగారు పడకు హిమా. తెర వెనక కూర్చుని దీని స్పీకరుని నా ఫోనులోంచి మోగిస్తాను. మన చదువులో ఇది ఉన్నదే కదా."

"తరవాత చెప్పేయాలి కదరా మరి."

"చెబుదాంలే."

నిజమే, వాళ్ల చదువులో అదొక పద్ధతి. యంత్రం సిద్ధం కాకముందే దాని పని ఒక మనిషి చాటునుండి చేస్తాడు. వాడేవాళ్లకు ఎలా ఉంటుందో చూస్తారు. తోలుబొమ్మలాట లాంటిదే అనుకోండి. కాకపోతే ఆట అయ్యాక తెర తీసి చూపించాలి. అది నియమం.

నన్ను తొడిగారు. నూకాలమ్మ పళ్లు బిగబట్టి చూపుడువేలిని వంగమంది. ఆ వేలు చుట్టూ ఉన్నదాన్ని, నాకు తెలియదా? వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అయినా నేను ఘల్లుమన్నాను.

"ఓలమ్మో! నా ఏలే! నా ఏలే పలికింది!"

గురువులు చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి మాదే. హిమజ నిజం చెప్పాలనే నోరు తెరిచింది. ఇంతలో ఆవిడ ఎడమచేత్తో దాని బుగ్గలు పుణికి, "నీ కడుపు సల్లగుండ, తల్లీ" అని ఏడ్చేసింది. తెరిచిన నోరు మూసుకుంది. రేపు చెబుదాం అనుకుంది. మనుషులు తయారుచేసుకున్నవాటిలో రేపు అనేదానంత గట్టి వస్తువు ఇంకోటి లేదు. ఎంత వాడినా అరగదు.

కొన్నాళ్లకు నూకాలమ్మ కబురు పెట్టింది, గ్లౌజు పట్టుకుని రమ్మని. మనవరాలు ఝాన్సీకి సీమంతం. వెళ్లేసరికి గంపనిండా మల్లెమొగ్గలు, తడిపిన నార, పీట మీద జడ వేసుకుని ఝాన్సీ. పూలజడకు మరొకావిణ్ని మాట్లాడుకుంటే నూకాలమ్మే వద్దని పంపేసిందట.

"నా మనవరాలి జడకి ఇంకోల్ల సెయ్యేటి? ఏళ్లు పలుకుతున్నాయి కదా అని ఆసుపత్రి కూడా మానేసినాను. తొడుగు తల్లీ, ముత్తయిదువులు వచ్చే ఏళయింది."

నేను హిమజ చేతిలో ఉన్నాను. ఆ చెయ్యి నన్ను వెనక్కి లాక్కుంది.

"మామ్మా, ఆ రోజు మోగింది మీ వేలు కాదు. తీగలు ఊడిపోయాయి. తెర వెనకనుంచి మావాడు ఫోను నొక్కాడు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

నూకాలమ్మ దాని వంక చూడలేదు. ఒళ్లో పడుకున్న తన చేతి వంక చూసుకుంది. "బజారంతా సెప్పుకున్నానే" అంది, ఎవరితోనో అన్నట్టు.

"బహుమతి నీకొచ్చింది కదక్కా," అంది ఝాన్సీ. "ఇంక మామ్మతో నీకేటి పని?"

హిమజ లేచింది. గడప దాకా వెళ్లిందో లేదో, వెనకనుంచి గొంతు.

"ఎక్కడికెల్తావు? కూకో. నార తియ్యి."

"నాకు రాదు మామ్మా."

"నాకూ రాదు ఇప్పుడు. కూకోమన్నానా!"

కూర్చుంది. నన్ను కిటికీలో పెట్టారు, అక్కణ్నుంచి అంతా చూశాను. నూకాలమ్మ నోటితో కట్టింది, హిమజ వేళ్లతో కట్టింది. "రెండు మొగ్గలిటు, రెండటు. అలక్కాదే, దాని పీక నులిమేత్తన్నావు!" నార కోసుకుని హిమజ వేళ్లు ఎర్రబడ్డాయి. మొగ్గల తలలు తెగి చాపంతా రాలాయి. చివరికి జడ ఒకటి తయారైంది, పైన ఒత్తుగా, కింద బోసిగా.

ముత్తయిదువులు వచ్చారు. ఒకావిడ జడ ఎత్తి చూసి, "ఎవులు కట్టినారే ఇది? మేక మేసినట్టుంది!" అంది. అందరూ గొల్లుమన్నారు.

"నానే," అంది నూకాలమ్మ. "సెయ్యి కొత్తది. ఇంకా అలవాటు పడనేదు."

హిమజ తల ఎత్తలేదు. తిట్టి ఉంటే ఎత్తేదేమో.

తరవాత అది గురువులకూ నిజం చెప్పింది. "తీగలు బాగుచేసెయ్, సరిపోతుంది" అన్నారు వాళ్లు. చేసింది. ఇప్పుడు నేను నిజంగానే పనిచేస్తాను. నన్ను తీసుకెళ్లి చూపిస్తే నూకాలమ్మ కుడిచెయ్యి కొంగుకింద దాచుకుంది. మళ్లీ ఆసుపత్రికి వెళుతోంది. చప్పుడు అక్కర్లేదట.

నేను కాలేజీ వాకిట్లో అద్దాలపెట్టెలో ఉన్నాను. పెట్టెకొక బొత్తాం పెట్టారు. వచ్చినవాళ్లు అది నొక్కుతారు, నేను ఘల్లుమంటాను, వాళ్లు అబ్బో అంటారు. ఎన్నిసార్లు మోగినా నాదొకటే పని. వెంటనే చూపుడువేలు తడుముకుంటాను, లోపల ఎవరైనా ఉన్నారేమోనని.